విరేచనాల మాత్ర వేసే ముందు: కుక్కల, పిల్లుల పేగుల్లో బతికే బ్యాక్టీరియా గురించి

కావలిలో మా వీధివాళ్లకు కుక్కకు విరేచనాలు పట్టుకున్నాయంటే మొదట గుర్తొచ్చేది పశువైద్యశాల కాదు, మందుల షాపు. అక్కడ మనుషులకు వాడే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు నాలుగు కత్తిరించి ఇచ్చి, "అక్కా, పెరుగన్నంలో పొడి చేసి కలిపి పెట్టు, సాయంత్రానికి కట్టుకుంటాది" అని ధైర్యం చెప్పి పంపిస్తారు. చాలాసార్లు కట్టుకుంటుంది కూడా, అందువల్లనే ఈ అలవాటు ఇంతగా స్థిరపడిపోయింది. అయితే హుషారుగా తిరుగుతూ, నీళ్లు తాగుతూ, తిండి మీద ఆసక్తి ఉన్న పెద్ద కుక్కకు హఠాత్తుగా మొదలైన విరేచనాలు ఏ యాంటీబయాటిక్కూ లేకుండానే కొద్దిరోజుల్లో తగ్గిపోతాయన్న సంగతి, ఆ మాత్ర పేగులో చంపేది రోగక్రిములను మాత్రమే కాదన్న సంగతి చాలామందికి తెలియవు. ఈ రెండు సంగతులూ కుక్కనో పిల్లినో పెంచుకునే ప్రతి ఇంటికీ తెలియాలని నాకు గట్టిగా అనిపించి ఇది రాస్తున్నాను.

కుక్క పెద్దపేగులో ఉండే ఒక్క గ్రాము పదార్థంలో వంద కోట్ల నుంచి పదివేల కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటాయి. కడుపులో ఆమ్లం వల్ల అవి చాలా తక్కువ. చిన్నపేగులో కిందికి పోయేకొద్దీ పెరుగుతాయి. పెద్దపేగుకు చేరేసరికి గాలి దాదాపుగా లేని ఆ చీకటి చోట ఆక్సిజన్ పడని జాతులదే రాజ్యం. ఫర్మిక్యూట్స్, బ్యాక్టీరాయిడీటిస్, ఫ్యూసోబ్యాక్టీరియా అనే మూడు పెద్ద వర్గాలు అక్కడ ప్రధానంగా కనిపిస్తాయి. ఇందులో ఫ్యూసోబ్యాక్టీరియా సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి: మనుషుల్లో ఇవి పేగుజబ్బులతో ముడిపడి కనిపిస్తుంటే, కుక్కల్లో మాత్రం ఆరోగ్యంగా ఉన్నవాటిలోనే ఎక్కువగా ఉండి, విరేచనాలు పట్టుకున్నప్పుడు తగ్గిపోతాయి. మనిషి పేగుకు మంచిది కుక్క పేగుకూ మంచిదే అన్న ఊహ ఎంత దూరం నిలబడుతుందో ఈ ఒక్క ఉదాహరణతోనే అర్థమవుతుంది.

ఈ జీవులు ఊరికే కూర్చుని తినడం లేదు. కుక్క అరిగించుకోలేని పీచును, చిన్నపేగులో అరగకుండా మిగిలిన పిండిపదార్థాన్ని ఇవి పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు బ్యూటిరేటే ముఖ్యమైన ఆహారం. ఆ ఆహారం అందినంతకాలం పొర గట్టిగా ఉంటుంది, నీటిని సరిగా పీల్చుకుంటుంది, మలం ముద్దగా వస్తుంది.

ఇంకొక పని ఉంది, అది నన్ను చాలా ఆశ్చర్యపరిచింది. కాలేయం తయారుచేసిన పిత్తామ్లాలు కొవ్వును అరిగించే పని ముగించుకుని, మిగిలిన కొద్దిభాగం పెద్దపేగుకు చేరుతుంది. అక్కడ క్లాస్ట్రీడియం హిరనోనిస్ (ఇప్పటి పేరు పెప్టాసీటోబ్యాక్టర్ హిరనోనిస్) అనే బ్యాక్టీరియా వాటిని రెండో రకం పిత్తామ్లాలుగా మారుస్తుంది. ఈ మారిన ఆమ్లాలే ఈ.కోలై, క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ వంటివి హద్దుమీరి పెరగకుండా అణిచి ఉంచుతాయి. కుక్కల్లో ఈ మార్పిడి పని దాదాపుగా ఈ ఒక్క జాతి మీదే ఆధారపడి ఉంది కాబట్టి, అది పోతే దాని స్థానంలో ఆ పని చేసిపెట్టేవాళ్లు కరువు. అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం పేగువ్యాధుల ప్రయోగశాల 2017లో ప్రకటించిన పరీక్షలో, కుక్క మలంలోని ఏడు రకాల బ్యాక్టీరియాను లెక్కగట్టి పేగు సమతుల్యత ఎంత చెడిందో ఒక అంకెలో చెబుతారు. ఆ ఏడింటిలో ఈ హిరనోనిస్ ఒకటి.

ఇప్పుడు మెట్రోనిడజోల్ దగ్గరికి వస్తాను. ఈ మందు ఆక్సిజన్ పడని జీవుల మీద పనిచేస్తుంది. పెద్దపేగులో మేలు చేసేవాటిలో అత్యధికం సరిగ్గా ఆ కోవకు చెందినవే. ఆక్సిజన్ ఉన్నా లేకున్నా బతకగలిగే ఈ.కోలై మాత్రం దీనికి చిక్కదు. వరిమడిలో పైరునూ కలుపునూ తేడా లేకుండా మాడ్చే మందు కొడితే ఖాళీ అయిన నేలలో ముందు తలెత్తేది కలుపే అని మా నెల్లూరు జిల్లా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పేగులో జరిగేదీ అదే. ఏ జబ్బూ లేని కుక్కలకు రెండు వారాలు మెట్రోనిడజోల్ ఇచ్చి చూసిన అధ్యయనం 2020లో వెలువడింది. వాటి పేగుల్లో బ్యాక్టీరియా జాతుల వైవిధ్యం పడిపోయింది, రెండో రకం పిత్తామ్లాలు తగ్గిపోయాయి, మందు ఆపిన తర్వాత నాలుగు వారాలు గడిచినా ఫ్యూసోబ్యాక్టీరియా వంటివి పూర్తిగా కోలుకోలేదు. బయటికి ఆ కుక్కలు మామూలుగానే కనిపిస్తాయి. అందువల్లనే మాత్రకూ, నెల తర్వాత మళ్లీ మొదలయ్యే విరేచనాలకూ సంబంధం ఉండవచ్చని ఎవరికీ తోచదు.

ఎదుటిపక్షం మాట కూడా న్యాయంగా చెప్పాలి. 2020లోనే వచ్చిన మరొక అధ్యయనంలో విరేచనాలతో ఉన్న కుక్కలకు మెట్రోనిడజోల్ ఇస్తే, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాటికంటే సగటున ఒకటిన్నర రోజు ముందుగా తగ్గింది. అంటే మందు పనిచేయదని కాదు. అయితే ఆ ఒకటిన్నర రోజు కోసం వారాల తరబడి కోలుకోని నష్టాన్ని కొనితెచ్చుకోవాలా అన్నదే ప్రశ్న. పెద్దపేగు వాపుతో వచ్చిన కుక్కలకు సులభంగా అరిగే తిండి మాత్రమే పెట్టినప్పుడు, ఆ తిండితోపాటు మెట్రోనిడజోల్ కూడా ఇచ్చినప్పటికంటే త్వరగా కోలుకున్నాయని 2022లో మరొక బృందం చూపింది. 2024లో ఐరోపా పశువైద్య నిపుణులు విడుదల చేసిన మార్గదర్శకాలు, తేలికపాటి నుంచి మధ్యస్థాయి వరకు ఉండే హఠాత్తు విరేచనాలకు యాంటీబయాటిక్‌లు వాడవద్దనే చెబుతున్నాయి. దీనికితోడు, ఈ మందు మోతాదు మించితే కుక్క తూలిపోతూ, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ నాడీవ్యవస్థ దెబ్బతిన్న లక్షణాలు చూపుతుంది. ఎనిమిది కిలోల పమేరియన్‌కూ ముప్పై కిలోల ల్యాబ్రడార్‌కూ ఒకే "రెండు మాత్రలు" చెప్పే షాపులో ఆ మోతాదును లెక్కగట్టేదెవరు?

యాంటీబయాటిక్ తప్పనిసరి అయ్యే సందర్భాలు లేవని ఎవరూ అనుకోకూడదు. అందులో మొదటిది పార్వో. 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా బయటపడిన ఈ వైరస్ పేగు లోపలి పొరను నిత్యం కొత్తగా పుట్టించే మూలకణాలను నాశనం చేస్తుంది, ఎముకమజ్జను దెబ్బతీసి తెల్లరక్తకణాలను తగ్గించేస్తుంది. గోడ కూలిపోయిన పేగులోంచి బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి చొరబడుతుంది, ఎదిరించడానికి రక్తంలో సైన్యం ఉండదు. అప్పుడు సెలైన్, వాంతుల మందు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కలిసి ప్రాణం నిలబెడతాయి. ఆ పని డాక్టర్ చేయాలి, గంటల్లో చేయాలి. ఆరు నెలల లోపు కుక్కపిల్ల ముడుచుకుని పడుకుని, తిండి మాని, వాంతులు చేసుకుంటూ, భరించలేని వాసనతో రక్తవిరేచనాలు పెడుతుంటే మందుల షాపు వైపు చూడనే వద్దు.

ఇక్కడ మన పెద్దల నుంచి వచ్చిన మరో నమ్మకం గురించి కూడా చెప్పాలి. "లంఖణం పరమౌషధం" అని కుక్కపిల్లను ఒకటి రెండు రోజులు పస్తు పెడతారు. చిన్న కుక్కపిల్లల ఒంట్లో చక్కెర నిల్వలు చాలా తక్కువ, పస్తుతో అవి స్పృహ తప్పిపోగలవు. పార్వో సోకిన పిల్లలకు మొదటిరోజు నుంచే గొట్టం ద్వారా కొద్దికొద్దిగా ఆహారం అందిస్తే త్వరగా కోలుకున్నాయని, బరువు పెరిగాయని 2003లోనే తేలింది. పేగు కణాలకు పోషణ రక్తంనుంచే కాదు, లోపల నడిచే ఆహారం నుంచి కూడా అందుతుంది. పస్తులో ఆ పొర మరింత పలచబడుతుంది. పార్వో నేలలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి, పిల్ల చనిపోయిన ఇంట్లో వెంటనే టీకా వేయని మరో పిల్లను తేవడం దానినీ చావుకు అప్పగించడమే. మామూలు ఫినాయిల్ దానిని చంపుతుందని నమ్మడానికి లేదు. బ్లీచింగ్ ద్రావణం చంపుతుంది. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ మొదటి టీకాను పనిచేయనీయకపోవచ్చు, అందుకే "ఒకటి వేయించాము కదా" అని ఆగిపోకూడదు.

ఏ విరేచనం ఎంత తీవ్రమో కనిపెట్టడానికి మలాన్ని చూడడం అలవాటు చేసుకోవాలి. అసహ్యపడితే జంతువును పెంచలేము. కొద్దికొద్దిగా, మాటిమాటికీ, ముక్కుతూ పోతుంటే, పైన తెల్లటి జిగురు పొరలా పట్టి, చివర్లో ఎర్రటి తాజా రక్తపు చారలు రెండు కనిపిస్తే అది పెద్దపేగు గోల. చూడడానికి భయం వేస్తుంది గానీ చాలాసార్లు ప్రాణానికి ముప్పు ఉండదు. ఎక్కువ పరిమాణంలో, నీళ్లలా, రోజుకు మామూలుకంటే కొద్దిగానే ఎక్కువసార్లు పోతూ, కుక్క చిక్కిపోతుంటే అది చిన్నపేగు సంబంధం. తారులా నల్లగా, జిగటగా ఉంటే పైన కడుపులోనో చిన్నపేగులోనో రక్తం కారి అరిగి వస్తున్నదని అర్థం, ఆలస్యం చేయకూడదు. తరువాత పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడాలి. మా కుక్క నల్లోడికి చిగుళ్లలో నల్లమచ్చలు ఉన్నాయి, వాటి మధ్యనున్న గులాబీ రంగు చోటు వెతికి వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. చిగురు తడిగా జారకుండా వేలికి అంటుకుంటుంటే, మెడ వెనక చర్మం పట్టి లాగి వదిలినప్పుడు వెంటనే సర్దుకోకుండా గుడారంలా నిలబడిపోతుంటే ఒంట్లో నీరు ఇంకిపోయినట్టే. మే నెలలో మా కావలి ఎండల్లో ఇది చాలా వేగంగా జరుగుతుంది.

తిండి విషయంలో నాకు కొంచెం విస్తరించి చెప్పాలని ఉంది. కుక్కకు అన్నం పెట్టకూడదు, అది మాంసాహారి అని ఈమధ్య వీడియోల్లో చూసి కంగారుపడుతున్నవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు తోడేళ్ల, కుక్కల జన్యువులను పోల్చినప్పుడు, పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉండగా కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నట్టు తేలింది. వేల ఏళ్లుగా మనిషి వదిలిన గింజల తిండి తిని బతికిన జంతువు అది. కాబట్టి బాగా ఉడికిన అన్నం కుక్కకు శత్రువు కాదు. అన్నమే మొత్తం తిండి కావడం మాత్రం తప్పు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, ముళ్లు తీసిన చేప అందులో గణనీయంగా ఉండాలి. వండి చల్లార్చిన అన్నంలో కొంతభాగం పిండి చిన్నపేగులో అరగని రూపానికి మారుతుంది, అది పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మేత అవుతుంది. ఆ లెక్కన రాత్రి అన్నంలో పొద్దున మజ్జిగ పోసి పెట్టే మన ఇళ్ల పద్ధతిలో మంచి ఉంది, అన్నం పాచివాసన రానంతవరకు, గిన్నెలో మధ్యాహ్నం దాకా ఎండలో వదిలేయనంతవరకు.

చేపల పులుసు అన్నం సంగతి వేరు. నెల్లూరు పులుసులో వేసే ఉల్లి, వెల్లుల్లి రెండూ కుక్కల, పిల్లుల ఎర్రరక్తకణాలను పగలగొట్టి రక్తహీనత తెస్తాయి, పిల్లులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఉడికిపోయాయి కదా అంటే ఆ విషం పోదు. పండగనాడు మిగిలిన బిర్యానీ, మాంసం కొవ్వు ముక్కలు ఒకేసారి పెడితే క్లోమగ్రంథి వాచి విపరీతమైన కడుపునొప్పితో కుక్క ముందుకాళ్లు నేలకానించి వెనకభాగం పైకెత్తి నిలబడుతుంది. అది ఒళ్లు విరుచుకోవడం అనుకుని వదిలేస్తారు. ఉడికించిన ఎముకలు పెళుసుబారి చీలికలవుతాయి, పేగును గాయపరుస్తాయి; వాటిని పెట్టకపోవడమే మంచిది. ఇంటి తిండి నుంచి పొట్లం గింజలకు మార్చినా, ఒక కంపెనీ నుంచి మరొకదానికి మార్చినా వారం నుంచి పది రోజుల మీద కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. పేగులోని జీవులకు కొత్త మేతకు అలవాటుపడే గడువు కావాలి.

పెరుగు గురించి అందరూ అడుగుతారు. పెరుగులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను కొంత తినేస్తుంది కాబట్టి పాలకంటే సులభంగా అరుగుతుంది. కొద్దిగా పెడితే చాలా కుక్కలు తట్టుకుంటాయి. అయితే పెరుగును మందుగా లెక్కపెట్టకూడదు. కుక్కల, పిల్లుల మీద పరీక్షించి చూసిన వాటిలో ఎంటెరోకాకస్ ఫీసియం ఎస్ఎఫ్68 అనే రకం ఉంది. జంతు సంరక్షణాలయంలోని పిల్లులకు దానిని ఇచ్చినప్పుడు రెండు రోజులు గానీ అంతకు మించి గానీ విరేచనాలు పట్టుకున్నవి తక్కువగా కనిపించాయి. ప్రోబయాటిక్ కొనేటప్పుడు జాతి పేరుతోపాటు ఆ రకం గుర్తు కూడా పొట్లం మీద ఉందా అని చూడాలి, ఎందుకంటే ఒకే జాతిలో ఒక రకానికి రుజువైన మేలు మరొక రకానికి వర్తించదు. పెద్దపేగు విరేచనాలకు మన ఇళ్లలో మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోల్ పొట్టు బాగా పనిచేస్తుంది. అది నీటిని పట్టి ఉంచి మలానికి రూపమిస్తుంది, బ్యాక్టీరియాకు పీచు అందిస్తుంది. కుక్క బరువు చెప్పి ఎంత వేయాలో డాక్టర్‌ను అడిగి, తగినన్ని నీళ్లతో తడిపి తిండిలో కలపాలి.

పిల్లి చిన్నకుక్క కాదు. మా పిల్లి గౌరికి నల్లోడి గిన్నెలోని అన్నం ఎంత ఇష్టమైనా దాని శరీరం మాంసం మీదనే బతకడానికి ఏర్పడింది. పిల్లి తన పిత్తామ్లాలను టారిన్ అనే పదార్థంతో మాత్రమే జతచేయగలదు. కుక్కలాగా తగినంత టారిన్‌ను ఒంట్లో తయారుచేసుకోలేదు. అది మాంసంలో, చేపలో, రొయ్యలో దొరుకుతుంది, అన్నంలో, పాలలో పిల్లికి సరిపడా దొరకదు. టారిన్ తగ్గితే కంటిలోని రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. ఈ గుండెజబ్బుకు కారణం తిండిలోని టారిన్ లోపమని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో కనిపెట్టారు. ఆ పిల్లులు మామూలు దుకాణపు తిండి తిన్నవే. తరువాత తెలిసిందేమిటంటే, డబ్బాల్లో వేడిచేసి నింపిన ఆహారం పేగులో టారిన్‌ను విరగ్గొట్టే బ్యాక్టీరియాను పెంచుతుంది, అందుకే డబ్బా తిండిలో పొడిగింజల కంటే ఎక్కువ టారిన్ కలపాలి. పేగు బ్యాక్టీరియా పిల్లి గుండెదాకా ఎలా చేరుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

పాలు పిల్లికి కన్నతల్లివే సరిపోతాయి. పాలు మానిన తర్వాత పాల చక్కెరను అరిగించే ఎంజైమ్ చాలా పిల్లుల్లో తగ్గిపోతుంది, ఆవుపాలో గేదెపాలో పోస్తే అరగని చక్కెర పెద్దపేగులో పులిసి ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. తుమ్మలపెంట నుంచి చేపల గంపలు వచ్చే మా ఊళ్లో పచ్చిచేప తలలు పిల్లికి వేయడం మామూలు. కొన్ని రకాల పచ్చిచేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది, నిత్యం అవే తింటే పిల్లి మెడ వాల్చేసి మూర్ఛలు తెచ్చుకుంటుంది; ఉడికిస్తే ఆ ఎంజైమ్ నశిస్తుంది. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు కాబట్టి ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లోది వేయకూడదు. విరేచనాలకంటే కూడా పిల్లి తిండి మానేయడం గురించి నేను ఎక్కువ భయపడతాను. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి పేరుకుంటుంది, కళ్లు, చెవులు పసుపుపచ్చబడతాయి. లంఖణం అనే మాట పిల్లి దగ్గర ఎత్తనే కూడదు.

కుక్కపిల్లల, పిల్లికూనల విరేచనాల్లో సగం గొడవ పురుగులది. కుక్కపిల్లకు ఏలికపాములు తల్లి గర్భంలో ఉండగానే సంక్రమిస్తాయి, తర్వాత పాలలోనూ వస్తాయి. అందువల్ల రెండు వారాల వయసు నుంచి ఎనిమిది వారాల దాకా రెండు వారాలకోసారి మందు పట్టాలి, తల్లికీ పట్టాలి. పిల్లికూనకు గర్భంలో సోకదు, పాల ద్వారా సోకుతుంది, కాబట్టి మూడు వారాలకు మొదలుపెట్టినా సరిపోతుంది. ఆ పురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లల ఒంట్లోకి చేరితే కాలేయానికి, కంటికి హాని చేస్తాయి. వాకిట్లో మలాన్ని ఏరోజుకారోజు ఎత్తేయడం ఇంటి పిల్లల కోసం కూడా. కొంకిపురుగులు రక్తం పీలుస్తాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయిన నెలన్నర పిల్లకు బలం టానిక్కు పోసే ముందు మలపరీక్ష చేయించాలి.

విరేచనాలు రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, మాటిమాటికీ తిరగబెడుతున్నా, నెలలుగా కుక్క బాగా తింటూ కూడా చిక్కిపోతున్నా పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లడం తప్పదు. జర్మన్ షెపర్డ్‌లలో క్లోమగ్రంథి ఎంజైములు ఉత్పత్తి కాక, బి12 పడిపోయి అచ్చం ఇలాగే చిక్కిపోయే జబ్బు ఒకటి ఉంది. దానికి ఎన్ని యాంటీబయాటిక్‌లు మార్చినా ప్రయోజనం లేదు, రక్తపరీక్షతో పట్టుకుని ఎంజైము పొడి తిండిలో కలిపితే ఒళ్లు చేస్తుంది. పెద్ద పరీక్షలు అవసరమైతే మా జిల్లావాళ్లం తిరుపతి పశువైద్య కళాశాలకో, 1903లో మొదలైన మద్రాసు వేపేరి పశువైద్య కళాశాలకో వెళ్తాము. వెళ్లేటప్పుడు ఆ పూట తీసిన తాజా మలాన్ని మూతగట్టిగా ఉండే చిన్న డబ్బాలో వేసుకుని, ఎండ తగలకుండా, కొద్ది గంటల్లోనే చేర్చాలి. పాతబడితే జియార్డియా వంటి కదిలే జీవులు చనిపోయి కనిపించవు. గత వారంలో ఏమేమి తిన్నదో, ఏ మాత్రలు వేశారో, చివరిసారి నులిపురుగుల మందు ఎప్పుడు పట్టారో, ఏ టీకా ఏ తేదీన వేయించారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మందుల షాపులో కొని వేసిన మాత్ర ఉంటే దాని అట్టను కూడా చూపించండి, దాచవద్దు. డాక్టర్ తరువాత రాసే మందు దాన్నిబట్టి మారుతుంది.